బరువు ఇప్పుడు దేని మీదుంది?

నడుస్తున్న పాత డీజిలు బండి బానెట్ ఎత్తి, ఇంజనాయిలు పోసే మూత తీసి చూస్తే చాలు, దాని ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. బాగున్న ఇంజనయితే ఆ కంతలోంచి వెచ్చటి గాలి సన్నగా తగులుతుంది. రింగులు అరిగినదయితే పొగ గుప్పుగుప్పుమని పైకి కొడుతుంది. మూతను ఊరికే పైన పెడితే ఎగిరెగిరి పక్కకు పడిపోతుంది. సిలిండరులో మండి పిస్టనును కిందికి తోయాల్సిన వాయువు పిస్టను పక్క సందుల్లోంచి జారి, కింది చాంబరులోకి దిగి, అక్కణ్ణుంచి పైకి తన్నుకొస్తోందన్నమాట. షెడ్లలో దీని పేరు బ్యాక్ కంప్రెషన్. కోసిగిలో అయినా ఆదోనిలో అయినా మేస్త్రీ ఆ పొగ మీద ఒకసారి అరచెయ్యి ఆడించి, మూత బిగించి అనే మాట ఒకటే. "బోరుకొచ్చింది. ఇంజను దింపల్ల." సిలిండరు మళ్ళీ తొలవాల్సినంతగా అరిగిందని.

బండి ఓనరు అడిగే మాటా ఒకటే. "ఎన్ని దినాలు పడ్తాది మేస్త్రీ?"

ఆ రెండు మాటల వెనక జరిగే పని గురించి మనం పెద్దగా ఆలోచించం. రెండు క్వింటాళ్ళకు పైబడిన ఇనుమును, దాన్ని అల్లుకున్న పైపుల నుంచీ వైర్ల నుంచీ విడదీసి, గాలిలోకి లేపి, పక్కకు తెచ్చి కింద పెట్టాలి. బాగయ్యాక వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ అదే చోట కూర్చోబెట్టాలి. ఇందులో కండబలానికి ఉన్న పని చాలా తక్కువ. మొదటి బోల్టు వదులు చేసింది మొదలు చివరి బోల్టు బిగించేదాకా మేస్త్రీ తనను తాను అడుక్కుంటూ ఉండాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది. ఈ బరువు ఇప్పుడు దేని మీదుంది? దానికి జవాబు తెలియకుండా తర్వాతి పానా తిప్పడంలోనే వేళ్ళు నలిగేదీ, కాళ్ళు విరిగేదీ.

దింపడం సంగతికి వచ్చేముందు, దింపాల్సినదాకా ఎందుకొస్తుందో చూద్దాం. కోసిగి కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకీ మధ్య రైలు దారి మీదుంటుంది. వానలు తక్కువ, వచ్చేవీ నమ్మకం లేనివి. సొంత చేలల్లో పని తీరాక ఇక్కడి కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని సుగ్గికి, అంటే వలసకూలికి, పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు పోవడం ఏటా చూసేదే. కొందరు రైల్లో పోతే కొందరు లారీల్లో, తుఫాన్ జీపుల్లో, బొలెరో పికప్పుల్లో పోతారు. నాలుగు వందల కిలోమీటర్ల దారి. మనుషులు, బియ్యం మూటలు, వంటసామాను అన్నీ కలిసి బండి మోయగలిగినదానికంటే ఎక్కువే అవుతాయి. అలాంటి బండి ఇంజను ముందుగానే బోరుకొస్తే మోసిన బరువును తప్పుపట్టొచ్చు. కానీ దాంతో సమానంగా తప్పుపట్టాల్సినవి ఇంకో రెండున్నాయి, దుమ్మూ నీళ్ళూ.

బొలెరో పికప్పులోని ఇంజను 2523 సీసీది, అంటే దాదాపు రెండున్నర లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందంటే నిమిషంలో వెయ్యిసార్లు పీల్చినట్టు. లెక్కేస్తే 2500 లీటర్లు, గంటకు 150 ఘనపు మీటర్లు. టర్బో ఉంటే ఇంకా ఎక్కువే. ఎండిన మట్టిదారిలో ముందొక ట్రాక్టరు పోతూ ఉంటే, ఘనపు మీటరు గాలిలో పది మిల్లీగ్రాముల దుమ్ముందని అనుకున్నా, గంటకు గ్రామున్నర మట్టి ఎయిర్ ఫిల్టరు దాకా వస్తుంది. ఫిల్టరు బాగుంటే అక్కడే ఆగిపోతుంది. నేలకేసి తట్టి తట్టి, కంప్రెసరు గాలితో కొట్టీ కొట్టీ కాగితం ఎక్కడో చిరిగితే, లేదా ఫిల్టరు వెనక రబ్బరు హోసుకు చిన్న పగులుంటే, ఆ మట్టి నేరుగా సిలిండర్లోకే పోతుంది.

ఈ మట్టి గ్రానైటు గుట్టలు అరిగి పుట్టినది, అందులో క్వార్ట్జ్ ఉంటుంది. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలతలో దానికి 7. సిలిండరు గోడ పోత ఇనుము దాని ముందు మెత్తటిదే. రింగుకూ గోడకూ మధ్య నూనె పొర ఉంటుంది కదా అనుకుంటాం, ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుకే డెబ్బై మైక్రాన్ల చిల్లర ఉంటుంది. విడిగా కంటికి ఆనని పది మైక్రాన్ల రేణువు ఆ పొరలో ఇరుక్కుంటే అటు రింగునూ ఇటు గోడనూ ఒకేసారి గీస్తుంది, అదీ నిమిషానికి కొన్ని వేలసార్లు. పాత జీపుల్లో కాగితం ఫిల్టరు బదులు నూనె తొట్టి ఉండేది. లోపలికొచ్చే గాలి నూనె మీద గిర్రున మలుపు తిరిగేటప్పుడు బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోయేది. సన్నటి దుమ్మును ఆపడంలో కాగితం దానికంటే మేలే. కాకపోతే తొట్టిలో నూనె బురదగా మారడం కంటికి కనబడేది, కాగితంలో చిరుగు కనబడదు.

ఇక నీళ్ళు. మన బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపూ కరిగే ఉంటాయి. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడు పోయి, మిగిలిన కాల్షియం కార్బనేటు తెల్లటి పొరగా గోడలకు పట్టుకుంటుంది. నీళ్ళు కాచే ఏ పాత్రలోనైనా అడుగున కనబడేది అదే. ఈ పొర వేడిని పోనివ్వడంలో పోత ఇనుములో సుమారు ఇరవయ్యో వంతుకే సరితూగుతుంది. రేడియేటరులో బోరునీళ్ళు పోసుకుంటూ పోతే సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే దారులకూ, రేడియేటరు సన్నగొట్టాలకూ ఈ సున్నం పొర పడుతుంది. మీటరు ముల్లు చూపించే వేడి నీళ్ళది. గోడ లోపలి వేడి అంతకంటే ఎంత పైకి పోయిందో డ్రైవరుకు తెలిసే దారి లేదు. ఒకరోజు మే నెల మిట్టమధ్యాహ్నం హెడ్డు వంకర తిరుగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. రాయచూరులో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు 1871లో కలిసినప్పటినుంచీ ఈ దారిన పరుగెత్తిన ఆవిరి ఇంజన్లకూ బాయిలరులో పట్టే ఈ సున్నమే పెద్ద తలనొప్పి. మోటారు బండ్లు రాకముందునుంచీ ఉన్న గొడవ ఇది.

సరే, దింపాలని తేలింది. బండి చల్లారేదాకా దాని జోలికి పోకూడదు. చాలామంది దీన్ని ఓపిక సంగతి అనుకుంటారు, నిజానికిది ఒత్తిడి సంగతి. రేడియేటరు మూత లోపల ఒక స్ప్రింగు ఉంటుంది, అది నీళ్ళను బయటిగాలి కంటే దాదాపు ఒక బార్ ఎక్కువ ఒత్తిడిలో ఉంచుతుంది. అందుకే ఇంజనులో నీళ్ళు 110 డిగ్రీలకు పోయినా మరగవు. మూత తిప్పిన క్షణం ఆ ఒత్తిడి పోతుంది. 110 డిగ్రీల నీళ్ళు 100 డిగ్రీలకు దిగాలి కాబట్టి, మిగులు వేడి లీటరుకు ఓ ఇరవై గ్రాముల నీళ్ళను ఆవిరి చేసేస్తుంది. ఇరవై గ్రాములే కదా అనిపిస్తుంది. ఆవిరిగా అది ముప్పై లీటర్లకు పైన. ఆ ఆవిరి తనతోపాటు మరుగునీళ్ళను మూత పట్టుకున్న మనిషి మొహం మీదికి చిమ్ముతుంది.

బ్యాటరీది ఇంకో కథ. ముందు నెగటివ్ వైరే విప్పాలి. బండి బాడీ మొత్తం నెగటివ్‌తో కలిసి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోతే చేతిలో పానా ఒక కొస బోల్టు మీద, ఇంకో కొస బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్ల కరెంటు ఆ పానా గుండా పోతుంది. పానా ఎర్రబడుతుంది, ఉంగరం ఉన్న వేలయితే ఉంగరం దగ్గర కాలిపోతుంది. నెగటివ్ ముందే తీసేసి ఉంటే అదే పానా తగిలినా ఏమీ కాదు. మళ్ళీ బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, నెగటివ్ చివర.

డీజిలు పైపుల దగ్గర పాత బండికీ కొత్త బండికీ చాలా తేడా ఉంది. కామన్ రైల్ ఇంజనులో నాజిళ్ళకు పోయే పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. టైరులో గాలి రెండు మూడు బార్లు. ఇంజను ఆడుతుండగా ఆ పైపు నట్టు వదులు చేస్తే వెంట్రుక కంటే సన్నటి ధార చర్మంలోంచి దూరిపోతుంది. పైకి సూదిగుచ్చినంత మచ్చే కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల డీజిలు వేలి పొరల మధ్య పాకుతూ ఉంటుంది. గంటల్లో ఆపరేషను చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. పాత పంపు బండ్ల మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఎయిర్ తీయడానికి నాజిలు నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టే అలవాటును కొత్త బండి దగ్గరికి తీసుకురావడం నిజంగా భయపెట్టే విషయం. ఏసీ ఉన్న బండయితే గ్యాసును యంత్రంతో తీయించాకే పైపులు విప్పాలి. బయటికి చిమ్మే ఆర్134ఏ గ్యాసు మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది.

ఇక బరువు. లెక్కకోసం ఇంజను 240 కిలోలనుకుందాం. గొలుసుకు ఎక్కేముందు అది రెండు చోట్ల ఆనుకుని ఉంటుంది. ముందువైపు ఛాసిస్‌కు రెండు ఫౌండేషన్ రబ్బర్లు, వెనక గేరుబాక్సు. గేరుబాక్సును బండిలోనే ఉంచి ఇంజను ఒక్కటే తీయాలంటే, గేరుబాక్సు కింద చెక్క పెట్టి జాకీ ఆనించిన తర్వాతే బెల్ హౌసింగ్ బోల్టులు విప్పాలి. ఇది మరిచిపోతే ఇంజను కదిలిన మరుక్షణం గేరుబాక్సు ముందుకు ఒరుగుతుంది. దాన్నుంచి క్లచ్‌ప్లేటులోకి దూరి ఉన్న సన్నటి షాఫ్టు మొత్తం బరువును మోయాల్సి వస్తుంది. తిప్పుడు బలాన్ని అందించడానికి చేసిన షాఫ్టు అది, బరువు మోయడానికి చేసింది కాదు. వంగిందంటే కొత్త క్లచ్ వేసినా అదురు పోదు.

గొలుసు ఎక్కడ కట్టాలన్నది రెండో ప్రశ్న. ఇంజను మీద కంపెనీవాళ్ళు ఎత్తడానికే బిగించిన కొక్కేలు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. అవి పోయి ఉంటే గట్టి బోల్టు రంధ్రాలను వెతుక్కోవాలి. మ్యానిఫోల్డుకో, డైనమో బ్రాకెట్‌కో కట్టేవాళ్ళున్నారు, అవి తమ బరువు తాము మోసుకోవడానికి తయారైనవి. కట్టే చోటు ఇంజను గురుత్వ కేంద్రం కంటే పైనుండాలన్నది దీనికంటే ముఖ్యం. పైన కడితే ఇంజను కొంచెం ఒరిగినా గురుత్వాకర్షణే దాన్ని మళ్ళీ సరిచేస్తుంది. కిందెక్కడో కడితే కొంచెం ఒరిగిన ఇంజనును అదే ఆకర్షణ పూర్తిగా తలకిందులు చేస్తుంది. ఫ్లైవీలు, క్లచ్ వెనకనుండటంతో బరువు వెనక్కే తూగుతుంది. సెల్ఫ్, డైనమో విప్పేస్తే ఈ కేంద్రం మళ్ళీ జరుగుతుంది. గేరుబాక్సుతో కలిపి తీస్తే ఇంకా వెనక్కి పోతుంది. ఒక బండి మీద సరిపోయిన కట్టు ఇంకో బండికి సరిపోకపోవడానికి కారణమిదే.

కట్టిన గొలుసు రెండు కాళ్ళ మధ్య కోణాన్ని చాలామంది పట్టించుకోరు. గొలుసు పొడుగ్గా ఉండి ఆ కోణం 60 డిగ్రీలయితే ఒక్కో కాలు మీద 139 కిలోల లాగుడు పడుతుంది. 90 డిగ్రీలయితే 170. పైన చోటు చాలక గొలుసు పొట్టిగా కట్టి కోణం 120కి పోతే, ఒక్కో కాలే ఇంజను మొత్తం బరువుకు సమానంగా 240 కిలోలు లాగాలి. 150 డిగ్రీల దగ్గర అది 460 కిలోలు దాటుతుంది. ఇంజను బరువు పెరగలేదు, ఎత్తు కూడా మారలేదు. గొలుసు లాగుడులో ఎక్కువభాగం పైకి కాకుండా పక్కలకు పోతోంది, అంతే. ఆ పక్కలాగుడు కొక్కేలను లోపలికి వంచుతుంది. కట్టాక రెండు గొలుసుల మధ్య కోణం చదరపు మూలను మించితే విప్పి పొడుగు గొలుసు తెచ్చుకోవడమే మేలు.

ఎత్తే సాధనం చైన్ బ్లాక్. చేదబావి గిలక మీద తాడు లాగితే బిందె బరువంతా మన చేతుల్లోనే ఉంటుంది, చేతులు వదిలితే బిందె బావిలో పడుతుంది. చైన్ బ్లాక్ ఈ రెండింటినీ మార్చేసింది. లోపలి పళ్ళచక్రాల వల్ల బారెడు చేతిగొలుసు లాగితే ఇంజను రెండు మూడు వేళ్ళ మందమే లేస్తుంది. లేచే ఎత్తు తగ్గినకొద్దీ కావాల్సిన బలమూ తగ్గుతుంది. 240 కిలోల ఇంజనుకు చేతి మీద పడేది పది కిలోల చిల్లర. ఒక హెల్పరు ఒంటిచేత్తో ఎత్తేస్తాడు. గొలుసు వదిలేసినా ఇంజను ఎక్కడిదక్కడే ఆగడం ఇంకా అందమైన విషయం. ఎత్తేటప్పుడు లోపలినుంచి టిక్కు టిక్కుమని వినిపించేది ఒక పళ్ళచక్రం మీద చిన్న నాలుక జారి పడుతున్న చప్పుడు. ఆ చక్రం ఒక్క వైపే తిరుగుతుంది. దాని రెండు పక్కలా రాపిడి బిళ్ళలుంటాయి, ఒక మర వాటిని నొక్కుతుంది. కొక్కేనికి వేలాడే బరువు కిందికి లాగినకొద్దీ ఆ మర ఇంకా బిగుసుకుంటుంది. బరువే బ్రేకు వేసుకుంటుందన్నమాట. దింపాలంటే చేతిగొలుసును అవతలివైపు లాగి ఆ మరను కొంచెం కొంచెం వదులు చేస్తూ ఉండాలి. అందుకే ఆ రాపిడి బిళ్ళల మీద నూనె గాని గ్రీసు గాని పడకూడదు. గొలుసుకు నూనె రాస్తూ బ్లాకు డబ్బాలోకి కూడా పోసేవాళ్ళు ఆ బ్రేకును తమ చేత్తోనే తీసేస్తున్నట్టు. ఎత్తేటప్పుడు టిక్కుమనడం ఆగిందంటే నాలుక పళ్ళలో పడటం లేదని అర్థం, ఆ బ్లాకును వెంటనే పక్కన పెట్టాలి.

బ్లాకు మంచిదైనా దాన్ని వేలాడదీసేది ఏమిటి? ఊళ్ళలో చాలా ఇంజన్లు వేపకొమ్మ కింద దిగాయి. కొమ్మ ఎంత మోస్తుందో దాని మీద రాసి ఉండదు, లోపల పురుగు తిన్నదీ పైకి కనబడదు. షెడ్లలో ఇనుప పైపులతో చేసిన మూడుకాళ్ళ స్టాండు నయం. కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. కాళ్ళు నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలు ఒరిగి ఉంటే, 240 కిలోల బరువుకు ఒక్కో కాలు బయటికి 46 కిలోల బలంతో జారాలని చూస్తుంది. మట్టినేలలో కాలు కొంచెం దిగి ఆగుతుంది. ఆయిలు పడిన సిమెంటు గచ్చు మీద ఆగదు. మూడుకాళ్ళనూ కింద గొలుసుతో ఒకదానికొకటి కట్టేస్తే ఈ జారుడు మొత్తం ఆ గొలుసు మీదికి పోతుంది, నేల జారుడుదైనా బాధలేదు. రెండు నిమిషాల పని అది. పెద్ద షెడ్లలో చక్రాల మీద కదిలే హైడ్రాలిక్ ఇంజన్ క్రేను ఉంటుంది. దాని చెయ్యిని బయటికి లాగి పొడిగించినకొద్దీ మోసే శక్తి తగ్గిపోతుంది, ఎంత పొడవుకు ఎంత బరువో ఆ చెయ్యి మీదే రంధ్రాల పక్కన రాసుంటుంది.

ఇంజను రబ్బర్ల మీదినుంచి లేస్తున్న క్షణంలో బండి కూడా మారిపోతుంది. ముందు చక్రాల మీదినుంచి రెండు క్వింటాళ్ళు పోగానే స్ప్రింగులు సాగి బండి ముక్కు పైకి లేస్తుంది. బండి జాకీల మీదుంటే తూకం వెనక్కి జరుగుతుంది. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాల్సింది అంతకుముందే. ఈ దశలో మేస్త్రీ చేసే పని బయటివాళ్ళకు విసుగ్గా ఉంటుంది. వేలెడు లేపుతాడు, ఆపుతాడు, చుట్టూ తిరిగి చూస్తాడు. ఎర్తు వైరు ఒకటి ఇంకా పట్టుకునే ఉంటుంది. క్లచ్ కేబులో, వెనకెక్కడో దాక్కున్న చిన్న వ్యాక్యూం పైపో సాగుతూ ఉంటుంది. గొలుసు గుంజుడు ఉన్నట్టుండి పెరిగితే దాని అర్థం ఏదో ఇంకా విప్పలేదనే. ఆ బలాన్ని ఇంకొంచెం పెంచితే పట్టుకున్నది తెగి, ఇంజను ఒక్కసారిగా ఎగిరి ఊగుతుంది.

ఊగే ఇంజను కిందికి చెయ్యి గాని కాలు గాని పోకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి. కింద పడిన నట్టు కోసం అలవాటుగా చెయ్యి పోతుంది. 240 కిలోలు మీటరు ఎత్తునుంచి పడి సెంటీమీటరు దూరంలో ఆగితే సగటున 24 టన్నుల బలం పుడుతుంది. అది ఎముకను మిగల్చదు. అడ్డం వచ్చిన రేడియేటరునూ గ్రిల్లునూ ముందే తీసి ఉంచితే ఇంజనును ఎక్కువ ఎత్తు లేపకుండానే ముందుకు లాగేయొచ్చు. లేపిన ఇంజను ఎంత తక్కువసేపు గాలిలో ఉంటే అంత మంచిది. బండిని వెనక్కి తోసేసి, ఇంజనును నేరుగా కిందికి దింపి పాత టైరు మీద కూర్చోబెడతారు. టైరు దాన్ని పక్కకు దొర్లనివ్వదు, చాంబరూ నలగదు. "పొద్దున చూద్దాంలే అన్నా" అని రాత్రంతా గొలుసుకు వేలాడదీసి ఇంటికి పోయే షెడ్డుకు నా బండి ఇవ్వను.

ఇక్కడినుంచి ఇంజను బ్లాకు ఆదోనికో కర్నూలుకో లేత్ షాపుకు పోతుంది. అరిగి అండాకారంగా తయారైన సిలిండరును మళ్ళీ నిండు గుండ్రంగా, కొంచెం పెద్దదిగా తొలుస్తారు, దానికి సరిపడే పెద్ద పిస్టను వేస్తారు. ఆ పనిది పూర్తిగా వేరే వ్యాసం.

ఎక్కించడం దింపడానికి తలకిందుల పని అనుకుంటే పొరపాటే. దింపేటప్పుడు విడిపోవడమే కావాలి, ఎక్కించేటప్పుడు కలవాలి. గేరుబాక్సు షాఫ్టు పళ్ళు క్లచ్‌ప్లేటు మధ్యలోని పళ్ళలో దూరి, ఫ్లైవీలు నడిమధ్య ఉన్న చిన్న బేరింగులో కూర్చోవాలి. క్లచ్‌ప్లేటు మధ్యకు రాకుండా ప్రెషరు ప్లేటు బిగిస్తే ఆ షాఫ్టు జన్మలో దూరదు. అందుకని ముందే పాత షాఫ్టు ముక్క ఒకటి దూర్చి ప్లేటును మధ్యకు తెచ్చాకే బోల్టులు బిగిస్తారు. తర్వాత ఇంజను గొలుసు మీద వేలాడుతూ గేరుబాక్సు దగ్గరకు వస్తుంది. బెల్ హౌసింగ్ చుట్టూ సందు పైనా కిందా ఒకేలా ఉందా అన్నది చూపుకు అందదు, చూపుడువేలు చుట్టూ తిప్పితే తెలుస్తుంది. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఇంజను ముక్కు ఎటు దించాలో తెలిసినట్టే. గేరు వేసి ఉంచి, ముందు పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజనును అటూ ఇటూ కొంచెం తిప్పుతుంటే పళ్ళు ఒకచోట దొరుకుతాయి, ఇంజను దానంతటదే చివరి రెండు అంగుళాలూ లోపలికి జరుగుతుంది. ఆ జరగడం చేతికి తెలుస్తుంది. జరగకపోతే బోల్టులతో లాగి దగ్గరికి తేవాలని అనిపిస్తుంది. బోల్టు లాగుతుంది కూడా, దాని బలం టన్నుల్లో ఉంటుంది. దాంతో హౌసింగు చెవి విరుగుతుంది, లేదా క్లచ్‌ప్లేటు నడుము వంగుతుంది. బోల్టుల పని కలిసినవాటిని పట్టి ఉంచడం వరకే.

ఆ పట్టి ఉంచడం ఎలా జరుగుతుందో చాలామంది మెకానిక్కులే తప్పుగా అనుకుంటారు. బోల్టు మేకులా అడ్డంగా నిలబడి భాగాలను ఆపుతుందని వాళ్ళ ఊహ. నిజానికి బిగించిన బోల్టు కొంచెం సాగుతుంది. సాగినది మళ్ళీ ముడుచుకోవాలని చూస్తూ రెండు భాగాలనూ ఒకదానికొకటి నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే అవి కదలకుండా ఆపుతుంది. పది మిల్లీమీటర్ల మామూలు బోల్టును 50 న్యూటన్ మీటర్లకు బిగిస్తే రెండున్నర టన్నుల దాకా నొక్కుడు వస్తుంది. కానీ మన చేతి బలంలో పదో వంతే బోల్టును సాగదీయడానికి పోతుంది. తక్కినదంతా తల కింద, మరల మధ్య రాపిడికి ఖర్చవుతుంది. తుప్పుపట్టిన మరలయితే రాపిడి ఇంకా మింగేస్తుంది. చేతికి బిగుతుగా తగులుతుంది, నొక్కుడు మాత్రం ఉండదు. నూనె పూసిన మరలయితే అదే బిగుతుకు బోల్టు అవసరానికి మించి సాగిపోతుంది. టార్క్ రించి వాడాలనీ, మరలు శుభ్రం చేయాలనీ చెప్పేది అందుకు. బరువైన పానాకు పైపు తొడిగి "ఇంకో పట్టు పట్టు" అనడంలో బలప్రదర్శన ఉంది గాని కొలత లేదు. హెడ్డు బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి, విడతలు విడతలుగా బిగించేది గ్యాస్కెట్ ఒకేలా పరుచుకోవడానికి. కోణం లెక్కన బిగించే కొత్తరకం హెడ్డు బోల్టుల్లో చాలావాటిని ఒకసారి వాడాక మళ్ళీ వాడకూడదు. అవి అప్పటికే సాగాల్సినంత సాగి ఉంటాయి.

ఇంజను రబ్బర్ల మీద కూర్చున్నాక కూడా గొలుసు తీయడానికి తొందర పడొద్దు. నాలుగు బోల్టులూ వేళ్ళతో పట్టించి, గొలుసును వేలెడు వదులు చేసి, రబ్బరు నలిగిందా లేదా చూస్తే బరువు నిజంగా ఛాసిస్ మీదికి వచ్చిందో లేదో తెలిసిపోతుంది. బిగించడం ఆ తర్వాత, కొక్కెం విప్పడం అన్నిటికంటే చివర.

మొదటిసారి స్టార్టు చేయడం ఎంత ఉబలాటమో అంత ప్రమాదం. కొత్త బేరింగుల్లో ఇంకా నూనె చేరలేదు. డీజిలు అందకుండా ఆపి, నూనె లైటు ఆరేదాకా సెల్ఫ్ కొడితే పంపు నూనెను బేరింగుల దాకా తోస్తుంది. ఒక్కో విడత పది సెకన్లు చాలు, మధ్యలో సెల్ఫ్‌కు విరామం ఇవ్వాలి. ఆ తర్వాతే డీజిలు. భుజం మీద తువ్వాలు తీసి పక్కన పడేయాలి, లుంగీ ఉంటే ప్యాంటు వేసుకు రావాలి. ఫ్యాను బెల్టు పట్టుకున్న గుడ్డను వదలదు. పాత ఇంజన్లతో ఇంకో ముప్పుంది. రింగులు బాగా అరిగినా, టర్బో సీలు పోయినా ఇంజను తన నూనెనే తాను పీల్చి మండించుకుంటుంది. అప్పుడు తాళం తీసినా ఆగదు, చుట్లు పెరుగుతూనే పోతాయి. అలాంటప్పుడు గాలి పీల్చే దారిని చదునైన చెక్కతో మూసేస్తే ఊపిరాడక ఆగుతుంది. చెయ్యి అడ్డం పెడితే చెయ్యిని లాగేస్తుంది, గుడ్డ పెడితే మింగేస్తుంది. ఆ చెక్క ముక్కను స్టార్టు చేసేముందే దగ్గర పెట్టుకోవాలి, వెతుక్కునే టైము ఉండదు. ఆడిన ఇంజను మీద రేడియేటరు మూత బిగించేముందు లోపల గాలిబుడగలు పోయేదాకా చూడాలి. బుడగ ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నీళ్ళుండవు, హెడ్డు అక్కడే కాలుతుంది. ఈసారి పోసేది బోరునీళ్ళు కాకుండా కూలెంట్ అయితే, మిగిలిన డబ్బాను పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కిడ్నీలను తినేస్తుంది.

"రేపు లోడు ఎత్తొచ్చా మేస్త్రీ?" అన్నది ఓనరు చివరి ప్రశ్న. దీనికి షెడ్డుకో జవాబు. వెయ్యి కిలోమీటర్లు మెత్తగా తోలమనేవాళ్ళే ఎక్కువ, అందులో సగం నిజముంది. కొత్తగా తొలిచిన సిలిండరు గోడ మీద సన్నటి అడ్డగీతలుంటాయి, రింగులు వాటి మీద రుద్దుకుంటూ గోడ ఆకారానికి సర్దుకోవాలి. ఆ సర్దుకోవడానికి రింగు వెనక వాయువు ఒత్తిడి కావాలి. గంటల తరబడి నిలబెట్టి ఊరికే ఆడిస్తే ఒత్తిడి చాలక గీతలు నూనెతో నిండి, గోడ నున్నబడి, రింగులు ఎప్పటికీ కూర్చోవు. పూర్తి లోడుతో ఎత్తు ఎక్కిస్తే అధికవేడికి రింగులు గోడను పట్టుకుంటాయి. ఒక మోస్తరు లోడుతో, ఒకే వేగంలో నిలకడగా తోలకుండా, ఎక్సలేటరు నొక్కుతూ వదులుతూ ఆదోని దాకా పోయి రావడమే ఇంజనుకు నచ్చేది. మొదటి ఐదు వందల కిలోమీటర్లకే నూనె మార్చి, తీసిన నూనెను ఒక తెల్ల డబ్బాలో పోసి ఎండలో పెట్టి చూస్తే సన్నటి ఇనుప తళుకులు తేలుతూ కనిపిస్తాయి. తళుకుల మధ్య గోటికి తగిలేంత ముక్క ఒక్కటి దొరికినా ఇంజను ఆపి చాంబరు విప్పాల్సిందే.